ఆస్వాదించావా అబ్బయ్యా?

ఒంగోలు నుంచి ఉదయగిరి దాకా ఏ సర్కారు బడికి పోయినా హిందీ మొదలయ్యేది ఆరో తరగతిలోనే. జూన్‌లో అక్షరాలు, దసరా సెలవులకు గుణింతాలు. అంతా సవ్యంగా సాగితే డిసెంబరుకు పిలకాయలు 'కమల్' అని చదువుతారు. అందాకా 'కమల' అనే అంటారు, వాళ్ల తప్పేం లేదు. తెలుగులో రాసిన ప్రతి అచ్చూ పలకాలి, హిందీలో పదం చివరి 'అ'ని మింగేయాలి. సరే, ఇదంతా చిల్లర వ్యవహారం. టీచరు రాసే పాఠ్యప్రణాళికలో 'అభ్యసన ఫలితం' అనే గడి చూడండి, మనవాళ్ల చూపు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది: విద్యార్థులు కవితలోని సౌందర్యాన్ని గుర్తించి ఆస్వాదిస్తారు.

ఆస్వాదించొద్దని ఎవరంటారు? కాకపోతే ఆస్వాదన జరిగిందా లేదా అన్నది తేల్చాలి కదా. అందుకు పర్యవేక్షణ ఉంది. అధికారి తరగతిలోకొస్తాడు.

"మేడం, ఈ ఫలితం సాధించారా?"

"సాధించాం సార్. యాభై మందిలో నలభై రెండు మంది పూర్తిగా ఆస్వాదించారు. ఐదుగురు పాక్షికంగా. ముగ్గురు ఆబ్సెంటు."

అధికారి మూడో బెంచీ పిల్లోణ్ణి లేపుతాడు. "ఏం అబ్బయ్యా, ఆస్వాదించావా?"

"ఆస్వాదించా సార్."

"దేన్ని?"

పిల్లోడు మేడం వంక చూస్తాడు. మేడం పుస్తకం వంక చూస్తుంది. "కవితని సార్."

"సౌందర్యం యాడుంది?"

"రెండో పేజీలో సార్."

టిక్కు పడుతుంది. పక్కనోడిది పాక్షిక ఆస్వాదన గనక మిగతా భాగం శుక్రవారం లోపు పూర్తి చేయించాలని రిజిస్టరులో రాస్తారు. రానివాళ్లు ముగ్గురేనా అని మధ్యాహ్న భోజనం హాజరుతో సరిచూస్తారు. అక్కడ గుడ్లు తిన్నవాళ్లు నలభై ఎనిమిది మంది తేలారనుకోండి, ఆ ఒక్కడు తినికూడా ఎందుకు ఆస్వాదించలేదో మేడం లిఖితపూర్వకంగా వివరణ ఇచ్చుకోవాలి.

2017లో కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి దాకా అభ్యసన ఫలితాలు ప్రకటించింది. ఆ ఏడాదే విద్యాహక్కు నిబంధనల్లోకీ వాటిని చేర్చారు. ఉద్దేశం బంగారం లాంటిదే: పాఠం ఎంత అయిందన్నది కాదు, పిల్లకు ఏమొచ్చిందన్నది చూడాలి. 1962లోనే రాబర్ట్ మేగర్ అనే అమెరికా విద్యావేత్త పాఠం లక్ష్యంలో మూడు ముక్కలుండాలన్నాడు. పిల్ల ఏం చేసి చూపించాలి, ఏ పరిస్థితిలో, ఎంత బాగా. మనం మూడూ తీసేసి 'అవగాహన పొందుతారు' అని పెట్టుకున్నాం.

పట్టుకుంటే చేతికందే లక్ష్యం ఒకటి చెప్పుకుందాం. మేడం పది ధరలు హిందీలో ఒక్కోసారే చెబుతుంది, పిల్ల విని అంకెల్లో రాయాలి. పదింట ఎనిమిది కుదరాలి. పదిలో నాలుగు మాత్రం 29, 39, 49, 59 అయి తీరాలి, ఎందుకంటే బోల్తా పడేది అక్కడే. తెలుగులో ఇరవై వచ్చినవాడికి ఇరవై తొమ్మిది వచ్చేసినట్టే. హిందీలో ఉన్‌తీస్, ఉన్‌తాలీస్, ఉన్‌చాస్, ఉన్‌సఠ్ అంటూ రాబోయే పదికి ఒకటి తక్కువగా చెప్పాలి. పోనీ అదే సూత్రం అనుకుంటే 89 దగ్గర ప్లేటు ఫిరాయించి నవాసీ అంటుంది. దీన్ని పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం మన పక్కనే ఉంది. పలక మీద రాయించి ఒక్కసారిగా ఎత్తించండి. 39 బదులు 29 రాసిందెవరో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆస్వాదన కూడా పలక మీద కనబడేదైతే ఎంత బాగుండేది!

లింగం సంగతీ అంతే. తెలుగులో అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, ట్రక్కూ వచ్చింది. హిందీలో బస్ ఆయీ, ట్రక్ ఆయా. లింగ నియమాలు ఎన్ని పేజీలు బట్టీ కొట్టించినా నోటి దగ్గరకొచ్చేసరికి అక్కరకు రావు. మాట నేర్పేటప్పుడే మేరీ కుర్సీ, మేరా దర్వాజా అని జంటగా ఇవ్వాలి. పీరియడ్‌కి ఎనిమిది మాటలు చాలు, మర్నాడొకసారి, వారం తర్వాత మరోసారి అడగాలి. అడగడానికి టైమేదంటారా? హాజరు పోను 35 నిమిషాలు మిగిలితే యాభై మందిలో తలకి 42 సెకన్లు. అదే పక్కపక్కవాళ్లను జంటలుగా మాట్లాడిస్తే ప్రతివాడికీ పది నిమిషాలు దక్కుతాయి. గోల అవుతుంది, హెడ్మాస్టరు గారు తొంగి చూస్తారు. చూడనీయండి.

పరీక్షలో మాత్రం మాట్లాడేదీ లేదు, వినేదీ లేదు. పెన్నలోకి దించకుండా ఒడ్డున కూర్చోబెట్టి ఈత మీద వ్యాసం రాయించినట్టు, సెలవు చీటీ బట్టీ పట్టి రాయడమే. పదో తరగతిలో మిగతావాటికి 35 వస్తే పాస్, హిందీకి 20 చాలు. ఈ భాషను ఎంత మాత్రం పట్టించుకోవాలో పిలకాయలకు ఆ 20 ఎప్పుడో చెప్పేసింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నెల్లూరు కోటమిట్ట నుంచో ఉదయగిరి నుంచో వచ్చే పిల్ల సంగతి కొచ్చేసరికి నవ్వు రాదు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది దక్కనీ, అంటే మన దక్షిణాది ఉర్దూ. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర బయటి రాష్ట్రాల వాళ్లకు దారి చెప్పేదీ, బేరం కుదిర్చేదీ ఆ పిల్లే. ఏడో తరగతిలో 'మై రోటీ ఖాయా' అని రాస్తే ఎర్ర సిరా. పుస్తకంలో 'మైనే రోటీ ఖాయీ' అనుంది, తిన్నదెవరైనా క్రియ రొట్టె వెంటే పోవాలి. ఇంట్లో మాట్లాడే దక్కనీలో ఆ 'నే' లేదు. ఇంట్లో అట్ట అంటారు, పరీక్షలో ఇట్ట రాయాలమ్మా అని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెప్పరు. వద్దు అనడానికి 'నక్కో' అంటే తరగతంతా నవ్వుతుంది, టీచరూ కలుస్తుంది. ఆ గదిలో హిందీ విని అర్థం చేసుకుని తిరిగి బదులు చెప్పగలిగిన ఏకైక మనిషిని వెనకబడినవాళ్ల జాబితాలో వేసి, తప్పుల్లేకుండా సెలవు చీటీ కాపీ కొట్టినవాడికి ఏ గ్రేడ్ ఇస్తున్నారే, సిగ్గనిపించదా? నోరు తెరిచిన పిల్లను నోరు మూయించి, ఏ భాష నేర్పినట్టు?

అదే ప్రణాళికలో చివర 'అందుబాటులో ఉన్న స్థానిక వనరులు' అని ఇంకో గడి ఉంటుంది. అందులో ఏం రాస్తారంటే: చార్టు, స్కెచ్ పెన్నులు.