126కి రీవాల్యుయేషన్ ఉందా మాస్టారూ?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా సందు మొదట్లో పోయిన నెల ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఎలక్షన్లు లేవు, ఏ నాయకుడి పుట్టినరోజూ కాదు. కోటూ బూటూ వేసుకున్న ఏడేళ్ల పిల్లాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక మెదడు బొమ్మ, మెదడులోంచి మెరుపులు. కింద గుండ్రటి ఫొటోల్లో తాతలు, అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు మేనమామలు. పైన పెద్ద అక్షరాల్లో "ఐక్యూ 132 సాధించిన చిరంజీవికి శుభాకాంక్షలు" అని.

"సాధించిన" అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఎత్తు నాలుగడుగులు సాధించిన చిరంజీవి, బ్లడ్ గ్రూపు బి పాజిటివ్ సాధించిన చిరంజీవి కూడా త్వరలో వస్తారు. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు కూడా బతకాలి కదా.

మా తరంలో ఈ ఊళ్లో బుర్రకి పరీక్ష అంటే చినవాల్తేరు మానసిక ఆసుపత్రే. వెళ్లొచ్చినవాళ్లు ఆ సంగతి వియ్యంకుడి దగ్గర కూడా దాచేవారు. ఇప్పుడు వియ్యంకుడి ఫొటో వేసి మరీ సందు మొదట్లో కడుతున్నారు. ఊరు ఎదిగిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ ఫ్లెక్సీ కట్టిన రోజు నుంచి మా అపార్ట్‌మెంట్లో చంటిపిల్లలున్న ఏ ఇంట్లోనూ నిద్ర లేదు. కారణం, పేరున్న ఒక స్కూలు రెండో తరగతి నుంచి గిఫ్టెడ్ బ్యాచ్ పెట్టింది. ఐక్యూ 130 ఉంటేనే సీటు. ఫీజు మామూలు బ్యాచ్‌కి ఒకటిన్నర రెట్లు. గిఫ్టు అన్నాక మళ్లీ డబ్బు కట్టడమేమిటని ఒక్కరూ అడగలేదు.

ఫ్లాట్ నంబరు 402 గారు కూడా వాళ్లబ్బాయికి పరీక్ష చేయించారు. రిపోర్టు వచ్చిన రాత్రి తొమ్మిదింటికి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని మా తలుపు కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, అంకె అనేది ఎక్కడ కనబడ్డా నా దగ్గరికే తెస్తారు. కరెంటు బిల్లు, షుగరు రిపోర్టు, అన్నీ. ఆయన మొహం చూసి ఎవరో పోయారనుకున్నాను.

"126 మాస్టారూ," అన్నారు కుర్చీలో కూలబడి. "నాలుగు మార్కుల్లో పోయింది."

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది.

"రీవాల్యుయేషన్ ఉందా అని అడిగానండీ ఆ సైకాలజిస్టు మేడమ్‌ని. నవ్వుతుందేమిటండీ ఆవిడ!"

నేను నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని ఫైలు తెరిచాను. ఇవి మార్కులు కావండీ, ఆ ఈడు పిల్లల సగటుని 100 అనుకుని, మీవాడు దానికి ఎంత పైన ఉన్నాడో చెప్పే అంకె ఇది. మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్యనే ఉంటారు. 130 దాటేవాళ్లు వందకి ఇద్దరే. మీవాడు 96వ పర్సంటైల్, సంతోషించండి అన్నాను.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఆంధ్రదేశంలో పర్సంటైల్ అనే మాటకి ఒకటే అర్థం. ఆయన కళ్లు మూసుకుని లెక్క వేశారు. జేఈఈ మెయిన్ రాసేది పద్నాలుగు లక్షల పైనే. పైన నాలుగు శాతం తీసేస్తే... "యాభై వేల పైన ర్యాంకు మాస్టారూ! ఎన్‌ఐటీ ఆశ వదులుకోవాల్సిందే!"

పిల్లాడి వయసు ఏడు.

జేఈఈ కాదండీ బాబూ, వందమంది ఈడు పిల్లల్ని వరసలో నిలబెడితే తొంభై ఆరుగురి కన్నా మీవాడు ముందున్నాడని అర్థం అన్నాను.

"మరి మిగతా ఆ నలుగురూ ఎవరు?" ఆయన గొంతు తగ్గించారు. "మన కాలనీవాళ్లేనా?"

(ఆ నలుగురు అనే మాటకి మనలో వేరే అర్థం ఉంది. అప్పుడు గుర్తుచేయడం బాగుండదని ఊరుకున్నాను.)

ఈలోగా ఆయన కన్ను అంకె పక్కనున్న చిన్న అక్షరాల మీద పడింది. 95 శాతం నమ్మకంతో 120 నుంచి 131 వరకు అని ఉంది. ఏ కొలతకైనా అటూ ఇటూ ఉంటుంది, రాత్రి బాగా నిద్రపోయిన రోజు 129 రావచ్చు, జలుబు చేసిన రోజు 122 రావచ్చు, నిజాయితీ ఉన్న రిపోర్టులో అందుకే ఈ హద్దులు రాస్తారు, 128ని 130 నుంచి విడదీసే శక్తి ఈ పరీక్షకి లేదు అని చెప్పబోయాను. ఆయన అప్పటికే పూర్ణా మార్కెట్లో ఉన్నారు.

"131 ఇందులోనే ఉంది గదండీ! అదే వేసెయ్యమనండి. పోనీ నా మాటా కాదు, వాళ్ల మాటా కాదు, 130 వెయ్యమనండి. మీరు ఫోన్ చేస్తే వింటారు."

"అలా కుదరదండీ."

"గ్రేస్ మార్కులు?"

"ఉండవు."

"స్పోర్ట్స్ కోటా?"

మా ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఎందుకో నాకు తెలుసు.

కటాఫ్‌ని అంత నమ్మకండి, 1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే ఆయన ఇలాంటి పరీక్షే పెట్టి వెయ్యిన్నర మంది మేధావి పిల్లల్ని ఏరాడు అని చెప్పాను. ఏరేటప్పుడు వదిలేసిన పిల్లల్లో షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కి 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఏరుకున్న వాళ్లలో ఒక్కరికీ రాలేదు. 402 గారు చాలా శ్రద్ధగా విన్నారు.

"ఆ ఇద్దర్నీ తర్వాత ఏ కోచింగులో వేశారు మాస్టారూ?"

వాళ్ల బావమరిది ఇంకో దారి చెప్పాడట. డీఎంఐటీ అని, పిల్లాడి పది వేళ్ల ముద్రలు తీసుకుని మెదడులో ఏ మూల ఎంత తెలివుందో చెప్పేస్తారట. దానికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశపు మానసిక వైద్యుల సంఘమే చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసులో తప్ప వేలిముద్రలతో ఎక్కడా భవిష్యత్తు తేలదని నేనూ చెప్పాను. కానీ బావమరిది మాట బావమరిది మాటే కదా.

అసలు ఫ్లెక్సీ బాబుకి 132 వచ్చింది ఏ పరీక్షలో అని అడిగాను. "ఐక్యూ పరీక్షలోనే" అన్నారు. ఈయన కొడుక్కి చేసింది వెక్స్‌లర్ పరీక్ష అయిదో కూర్పు, 2014 నాటిది. ఆ బాబుకి చేసింది మాలిన్ పరీక్ష అని వాళ్ల తాతగారే నాకు వాకింగులో చెప్పారు. అది 1969 నాటిది. మన దేశంలో ఇప్పటికీ దాన్ని వాడుతూనే ఉన్నారు. తరాలు మారేకొద్దీ పిల్లలు ఈ పరీక్షల్లో పదేళ్లకి సుమారు మూడు పాయింట్ల చొప్పున ఎక్కువ తెచ్చుకుంటూ పోయారని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు చాలా దేశాల లెక్కలతో చూపించాడు. అంచేత పాత కొలబద్దతో కొలిస్తే ఇవాళ్టి పిల్లలు కాస్త పొడుగ్గానే కనబడతారు. 1969లో నాకు తొమ్మిదేళ్లు. అంటే ఫ్లెక్సీ బాబు ఓడించింది నన్ను. భీమిలిలో నిక్కరు జేబుల నిండా జీడిపిక్కలు పోసుకుని తిరిగే నన్ను! ఆ బాబుకి నా తరఫున కూడా ఒక గుండ్రటి ఫొటో వేయాల్సింది.

1969 అనగానే సోఫాలోంచి గొంతు లేచింది.

"తాతగారూ, కురుసుర సబ్‌మెరైన్ కూడా 1969లోనే నేవీలో చేరింది. 2001లో రిటైరయింది. తర్వాత బీచ్ మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. సబ్‌మెరైన్‌కి కిటికీలు ఎందుకుండవో తెలుసా? మీరెప్పుడు రిటైరయ్యారు? మిమ్మల్ని ఎక్కడ పెట్టారు?"

పావుగంట చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడికాలి చెప్పు బకిల్ పెట్టుకుంటూనే ఉన్నాడు. అది పడలేదు.

నేను పేజీలు తిప్పాను. మాటల మీద అవగాహన 136. ప్రాసెసింగ్ స్పీడ్, అంటే చూసి చకచకా చేసే వేగం, 86. ఈ రెంటినీ, మిగతావాటినీ కలిపితే వచ్చింది 126. అరకు చలినీ విశాఖ ఉక్కపోతనీ కలిపి భాగించి, వాతావరణం ఆహ్లాదకరం అని ప్రకటించినట్టు ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు మొత్తం అంకెని పట్టుకుని వేలాడకూడదు. వేగాన్నీ, అప్పటికప్పుడు గుర్తుపెట్టుకునే శక్తినీ పక్కనపెట్టి చూసే లెక్క విడిగా ఉంది, జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అంటారు. అందులో ఈ పిల్లాడు 130 దాటాడు. స్కూలు ఫారంలో దానికి గడి లేదు. వాళ్లు అడిగింది మొదటి పేజీ జెరాక్సు.

తొమ్మిదో పేజీలో ఆ మేడమ్ రాసింది: "బోర్డు మీదది ఎక్కించుకోవడానికి ఎక్కువ టైము ఇవ్వండి. రాతలో ఇబ్బంది ఉందేమో విడిగా పరీక్ష చేయించండి. నెమ్మదిని బద్ధకం అనుకోకండి."

ఈ పిల్లాడు రోజూ నోట్సు పూర్తి కాలేదని లంచ్ బెల్‌లో క్లాసులోనే కూర్చుంటున్నాడు. క్యారేజీ సగం తిని ఇంటికి తెస్తున్నాడు. "వీడికి పొగరు, నోరు బాగా లేస్తుంది, చెయ్యి లేవదు" అని డైరీలో రాశారు. ఇక నాకు వెటకారం రావడం లేదు. 1905లో పారిస్‌లో బినే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పరీక్ష మొదలుపెట్టింది బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికి. తెలివి పెరగని వస్తువు అనేవాళ్ల మీద ఆయన బతికుండగానే మండిపడ్డాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చదవడం రాయడంలో ఉండే ఇబ్బందుల్ని కూడా చేర్చారు. అలాంటి పిల్లలకి సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు టైము ఉంది. ఇంత ఉండి, పిల్లాడి చేతిలో సాయం అడిగే కాగితం ఉండి, దాన్ని పక్కకి నెట్టి ఆ అంకెతో గేటు మూస్తారా? ఏ మొహంతో మూస్తారు?

ఏ మొహంతో అంటే నా మొహంతోనే. నేను టెన్త్ క్లాసులో ఒకణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టాను. నోటితో లెక్క నాకన్నా ముందు చెప్పేవాడు, కాగితం మీద పెట్టమంటే బెల్లు కొట్టేదాకా రెండు లైన్లు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఏడాదంతా నిలబెట్టాను. వాడి మోకాళ్లు నాకు గుర్తున్నాయి, వాడి పేరు గుర్తు లేదు.

ఫైలు తిప్పి 402 గారి ముందు పెట్టాను. తొమ్మిదో పేజీ చదవండి, పైకి చదవండి అన్నాను. ఆయన చదివారు. రెండోసారి మనసులో చదువుకున్నారు. కొడుకు వైపు చూశారు. వాడు ఇంకా బకిల్ దగ్గరే ఉన్నాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలాసేపటికి నోరు తెరిచారు.

"ఈ పేజీకి వెయిటేజీ ఎంత మాస్టారూ?"