పార్కింగ్ నోటీసుకు జవాబు రాయండి

గత శీతాకాలంలో బ్రిటన్‌లోని మా ఇంటికి ఒక ప్రైవేటు పార్కింగ్ కంపెనీ నుంచి కవరు వచ్చింది. లోపల మా కారు ఫొటోలు రెండు ఉన్నాయి. ఒకదాని కింద ఉదయం 10:42 అని, మరొకదాని కింద సాయంత్రం 4:51 అని సమయం వేసి ఉంది. మూడు గంటలు మాత్రమే ఉచితంగా ఆపుకోనిచ్చే రిటైల్ పార్కులో, అంటే దుకాణాల సముదాయంలో, మా కారు ఆరు గంటల తొమ్మిది నిమిషాలు నిలిచిందనీ, అందుకు 100 పౌండ్లు చెల్లించాలనీ, 14 రోజుల్లోపు కడితే 60 పౌండ్లతో సరిపోతుందనీ రాశారు. నిజానికి ఆ శనివారం మేము అక్కడికి రెండుసార్లు వెళ్లాం. పొద్దున సరుకులు కొనుక్కుని ఇంటికి వచ్చేశాం. మధ్యాహ్నం అమ్మాయిని తెలుగు బడిలో దింపి, సాయంత్రం తిరిగి వస్తూ మరచిపోయిన పాలూ పెరుగూ కోసం మళ్లీ ఆగాం. కెమెరా మొదటి రాకనూ చివరి పోకనూ పట్టుకుని, మధ్యలో మేము వెళ్లిపోయి మళ్లీ వచ్చిన సంగతిని వదిలేసింది.

"అరవై కట్టేస్తే పీడ విరగడవుతుందండీ" అంది మా ఆవిడ. నాకూ అలాగే అనిపించింది. అయితే తెలుగు బడి గుమ్మం దగ్గర పిల్లల్ని దింపేటప్పుడు తల్లిదండ్రులు సంతకం చేసే పుస్తకం గుర్తొచ్చింది. పంతులమ్మగారిని అడిగితే ఆ పేజీ ఫొటో తీసి పంపారు. మా అమ్మాయి పేరు ఎదురుగా 12:30 అని నా చేతిరాతలోనే ఉంది. ఆ బడి రిటైల్ పార్కుకు ఆరు మైళ్ల దూరం. పది వాక్యాల లేఖ రాసి, ఆ ఫొటో జతచేసి పంపాను. మూడు వారాలకు, నోటీసు రద్దు చేశామని రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది.

ఈ సంగతి చెప్పిన ప్రతి చోటా, "మాకూ ఒకసారి వచ్చింది, ఎందుకొచ్చిన గొడవ అని కట్టేశాం" అన్నవాళ్లే ఎక్కువ. పరాయి దేశంలో ఉన్నాం, వీసా మీద ఉన్నాం, కాగితం మీద కారు ఫొటో ఉంది కాబట్టి ఇది సర్కారు వ్యవహారమే అయి ఉంటుంది అనే భయమే వారిచేత డబ్బు కట్టించింది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫొటోతో సహా వచ్చే చలానా పోలీసులది కాబట్టి మనకు ఆ పోలిక తోచడం సహజం. ఇక్కడ మాత్రం ఒకే మూడక్షరాల పేరు, పీసీఎన్, రెండు వేర్వేరు కాగితాలకు ఉంది. కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్. అది చట్టం కింద వేసిన జరిమానా. దాని అప్పీళ్లకు ట్రైబ్యునల్ వేరు, చివరిదాకా కట్టకపోతే వస్తువులు జప్తు చేసే బెయిలిఫ్‌లు ఇంటికి రాగలరు. ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. అక్కడ పెట్టిన బోర్డే ఒప్పందమనీ, కారు ఆపినవారు దాన్ని ఉల్లంఘించారనీ చెబుతూ ఆ కంపెనీ పంపే డబ్బు డిమాండు అది. జరిమానా వేసే అధికారం ఆ కంపెనీకి లేదు, ఆ తర్వాత ఎర్రక్షరాలతో లేఖలు రాసే వసూలు సంస్థకూ మీ గడప తొక్కి వస్తువులు పట్టుకుపోయే హక్కు లేదు. మిమ్మల్ని కట్టమని ఆదేశించగలిగేది కోర్టు మాత్రమే.

దీనికి పూర్తి వ్యతిరేకమైన సలహా కూడా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది: చించి పారెయ్యండి, ఏమీ కాదు. చెప్పేవారు చాలావరకు ఇరవై ఏళ్ల కిందట వచ్చిన పెద్దలు. వారి రోజుల్లో అది నిజమే. అప్పట్లో కారు నడిపిందెవరో కంపెనీ నిరూపించుకోవాల్సి ఉండేది. 2012 అక్టోబరు 1న ఇంగ్లండ్, వేల్స్‌లలో పరిస్థితి మారింది. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రైవేటు స్థలాల్లో చక్రాలకు క్లాంపులు, అంటే కారు కదలకుండా తాళాలు, వేయడాన్ని నిషేధిస్తూనే, నడిపినవారెవరో తెలియకపోతే, కొన్ని షరతులకు లోబడి, రిజిస్టర్డ్ కీపర్ నుంచి, అంటే వాహనం ఎవరి పేరు మీద నమోదై ఉందో వారి నుంచి, సొమ్ము వసూలు చేసే వీలు కంపెనీలకు కల్పించింది. ఇక 2015 నవంబరు 4న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల గడువు దాటి 56 నిమిషాలు ఎక్కువ ఉన్న వ్యక్తికి పడిన 85 పౌండ్లు చెల్లుతాయని, పార్కింగ్ స్థలాలు అందరికీ దక్కేలా చూడటం న్యాయమైన ప్రయోజనమేనని ఆ తీర్పు సారాంశం. కాబట్టి "కంపెనీకి నష్టమే లేదు, ఇంత మొత్తం అన్యాయం" అనే ఒక్క వాదనతో ఈ రోజు ఎవరూ గెలవరు. ఆ పాత నమూనా లేఖలను ఇంకా పంచుతున్న మిత్రులు దయచేసి ఆపాలి.

గెలవడానికి ఆధారాలు వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు తేదీలు లెక్కపెట్టాలి. అద్దం మీద ఏ కాగితమూ అంటించకుండా కెమెరా ఆధారంగా పంపిన నోటీసు అయితే, కీపర్ మీద బాధ్యత మోపాలంటే కారు ఆపిన మరునాటి నుంచి 14 రోజుల్లోపు అది కీపర్‌కు చేరి ఉండాలి. పోస్టు చేసిన తర్వాత రెండో పనిదినాన చేరినట్టు చట్టం భావిస్తుంది. ఉదాహరణకు మార్చి 3, సోమవారం నాడు కారు ఆపారనుకుందాం. గడువు మార్చి 17తో ముగుస్తుంది. మార్చి 14, శుక్రవారం పోస్టు చేసిన నోటీసు మార్చి 18, మంగళవారం చేరినట్టు లెక్క. అంటే ఒక్క రోజు ఆలస్యం, ఆ ఒక్క రోజుతో కీపర్‌ను పట్టుకునే హక్కు పోయింది. అయితే నడిపినవారి బాధ్యత దానితో పోదు. అందుకే జవాబులో "నేను అక్కడ ఆపాను" అని రాసేస్తే ఆ గడువు రక్షణ వృథా అవుతుంది. నడిపింది ఎవరో కంపెనీకి చెప్పి తీరాలని చట్టం ఎక్కడా నిర్బంధించలేదు. అబద్ధం ఆడకుండానే, వాహన కీపర్‌గా జవాబు రాయవచ్చు. బోర్డు చీకట్లో ఉండటం, అక్షరాలు చదవలేనంత చిన్నవిగా ఉండటం, సొమ్ము కట్టినా మిషన్‌లో కారు నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు 'O' అనే ఇంగ్లిషు అక్షరం నొక్కడం, అంగవైకల్యం వల్ల దిగడానికీ ఎక్కడానికీ ఎక్కువ సమయం పట్టడం ఇవన్నీ బలమైన కారణాలే. ఫొటోలు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే ఇంకా బలం.

అప్పీలు ముందుగా కంపెనీకే రాయాలి. వారు కాదంటే, పోప్లా, ఐఏఎస్ అనే రెండు స్వతంత్ర అప్పీలు సంస్థలున్నాయి: ఆ కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైతే పోప్లాకు, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యురాలైతే ఐఏఎస్‌కు వెళ్లవచ్చు. పోప్లాకు రుసుము లేదు, దాని తీర్పును కంపెనీ పాటించి తీరాలి, మీరు మాత్రం పాటించి తీరాలని లేదు. ఇక్కడే నా అసలు అభ్యంతరం ఉంది. కంపెనీ తిరస్కరించాక స్వతంత్ర అప్పీలుకు వెళితే, 14 రోజుల్లో కడితే దొరికే ఆ 40 పౌండ్ల తగ్గింపు చేజారుతుంది. తప్పు లేదని నమ్మినవారు కూడా న్యాయం అడగాలంటే 40 పౌండ్లు పందెం కాయాలన్నమాట. పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మానాన్నల మందులు లెక్కవేసుకుని బతికే కుటుంబం ఆ పందెం కాయదు. ఏటా కోటికి పైగా వాహన యజమానుల వివరాలను ఒక్కొక్కటి 2.50 పౌండ్లకు ఈ కంపెనీలు వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ నుంచి తీసుకుంటున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. పార్లమెంటు 2019లోనే ఈ రంగానికి నియమావళి కోసం చట్టం చేసింది. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రచురించిన నియమావళి చాలా సందర్భాల్లో 50 పౌండ్లకే పరిమితి పెట్టింది. కంపెనీలు కోర్టుకెక్కడంతో ఆ జూన్‌లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 జూలైలో మళ్లీ అభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. మన సంఘాలు ఎంపీలను దీపావళి వేదిక మీదకు పిలిచి శాలువా కప్పుతున్నాయి. ఆ పది నిమిషాల్లో ఒక నిమిషం ఈ మాట కూడా అడగాలి.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. తమ్ముడి వరసయ్యే ఒక అబ్బాయి ఈస్ట్ హామ్‌లో అద్దె గది వదిలి ఉద్యోగం కోసం మిల్టన్ కీన్స్ చేరాడు. లైసెన్సులో చిరునామా మార్చాడు గానీ, కారు రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్‌లో, అంటే వీ5సీలో, మార్చాలని తెలియదు. నోటీసూ, వసూలు లేఖలూ, చివరికి కౌంటీ కోర్టు క్లెయిమూ పాత గదికే వెళ్లాయి. జవాబు లేకపోవడంతో అతని మీద తీర్పు వచ్చేసింది. ఇల్లు కొనడానికి బ్యాంకుకు వెళ్లిన రోజున, తన పేరు మీద సీసీజే, అంటే కౌంటీ కోర్టు తీర్పు, నమోదై ఉందని మొదటిసారి తెలిసింది. తీర్పు వచ్చిన నెలలోపు పూర్తిగా కట్టేస్తే ఆ నమోదు తొలగిస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఆ తీర్పును రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకోవడానికే సుమారు 300 పౌండ్ల ఫీజు. అంతటితో అయిపోదు: శాశ్వత నివాసం కోసం పెట్టే దరఖాస్తులో అప్పు కట్టనందుకు సివిల్ కోర్టు తీర్పులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. పార్కింగ్ నోటీసు నేరం కాదు, దానివల్ల వీసా పోదు. కానీ దాన్ని పట్టించుకోకపోతే వచ్చే కోర్టు తీర్పును ఆ ఫారంలో రాసుకోవాల్సి వస్తుంది. కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా పక్కన పెట్టకూడదు. రెండు వారాల్లో అందినట్టు తెలిపితే, వాదన దాఖలుకు మొత్తం నాలుగు వారాలు దొరుకుతాయి.

తప్పు మనదైనప్పుడు కట్టేయాలి, ఆ మాటా చెప్పాలి. ఉగాది వేడుకకు హాలు పక్కనున్న అపార్టుమెంటు వాసుల స్థలంలో కారు పెట్టి, సాయంత్రం కాగితం చూసి కంపెనీని తిట్టడం న్యాయం కాదు. ఆ స్థలం వాళ్లు అద్దె కట్టుకున్నది. వికలాంగులకు కేటాయించిన పార్కింగ్ స్థలం విషయంలో అయితే నేను ఎవరికీ లేఖ రాసిపెట్టను.

మిగతా వారందరికీ రాసిపెడతాను. తెలుగు బడి జరిగే శనివారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు వరకు, సంతకాల పుస్తకం ఉండే ఆ బల్ల పక్కనే కూర్చుంటున్నాను. నోటీసుతో పాటు అది వచ్చిన కవరు కూడా తీసుకురండి, అది మీ చేతికి అందిన తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి. వీ5సీలో మీ చిరునామా ఏముందో ముందురోజు రాత్రే ఒకసారి చూసుకోండి.