మార్టెన్‌సైట్ గారికి ఒక ఉలి యజమాని లేఖ

మహారాజశ్రీ మార్టెన్‌సైట్ గారికి,

ఉక్కును ఎర్రగా కాల్చి చటుక్కున చల్లారిస్తే పుట్టే గట్టి రూపం తమరే కదా. మొన్న నా వడ్రంగి ఉలిలో తమరు కొలువుదీరినందుకు ఎంత మురిసిపోయానో! అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా మొనను ఎర్రగా కాల్చి, బకెట్ నీళ్లలో ముంచాను. చుయ్‌మంది. ఆకురాయితో రుద్దితే గీత పడలేదు, జర్రున జారిపోయింది. అబ్బో, ఏం గట్టితనం అనుకున్నాను. రెండు నిమిషాలకే ఉలి చేయి జారి గచ్చు మీద పడింది. రెండు ముక్కలు. ఒక్క సుత్తి దెబ్బయినా తినలేదండీ!

తమరి గొప్ప ఎక్కడిదో ఆరా తీశాను. 727 డిగ్రీల సెల్సియస్ దాటాక ఉక్కు ఆస్టెనైట్ అనే వేడి రూపంలోకి మారడం మొదలవుతుంది. అందులో కార్బన్‌కు కావలసినంత చోటు. మెల్లగా చల్లారనిస్తే ఆ కార్బన్ మర్యాదగా బయటికొచ్చి, ఫెరైట్ (మెత్తని ఇనుము), సిమెంటైట్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) పొరలు పొరలుగా పేరుకుని పెర్లైట్ అవుతుంది. నెమ్మదస్తురాలు, వంగమంటే వంగుతుంది. నీళ్లలో ముంచితే మాత్రం కార్బన్‌కు మూటాముల్లె సర్దుకునే టైమే ఉండదు. ఇనుప అణువుల అమరిక అనే ఇల్లేమో ఇరుకైపోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా చిక్కుకున్న కార్బన్ గోడల్నే సాగదీస్తుంది. ఆ టెన్షన్‌కి తమరు గట్టితనం అని పేరు పెట్టుకున్నారు! పైగా పుడుతూనే ఒళ్లు చేస్తారు. ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉబ్బితే పగుళ్లు రావూ? పాపం, ఆ జర్మన్ పరిశోధకుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మోస్తూ ఇవేం పనులండీ? అన్నట్టు, కార్బన్ బాగా తక్కువున్న ఇనుప మేకు దగ్గర తమరి పప్పులు ఉడకవట కదా.

రెండో ఉలి విషయంలో జాగ్రత్తపడ్డాను. ముంచి తీశాక మెరిసేలా రుద్ది, వెనకవైపు నుంచి సన్నని సెగ చూపించాను. 220 డిగ్రీలు దాటాక లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. ఇంకా కాలిస్తే గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. మొన ఎండుగడ్డి రంగుకు రాగానే ఆపేశాను. ఆ కాస్త సెగకే ఇరుక్కున్న కార్బన్ కొంత సన్నని రేణువులుగా బయటపడింది, తమరి బిగింపు సడలింది. గట్టితనం పిసరంత తగ్గింది, నిజమే. నిన్న అదీ గచ్చు మీద పడింది (తప్పు మళ్లీ నా చేతిదే). ఠంగుమంది, అంతే.

మొదటి ఉలి ముక్కల్ని ఇవాళ మళ్లీ ఎర్రగా కాల్చి, వేడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేస్తున్నాను. తెల్లారేసరికి అక్కడ పెర్లైట్ కాపురం ఉంటుంది. తమరి సామానేదైనా ఉంటే ఈలోపే తీసుకెళ్లగలరు.

ఇట్లు,
ఒకటిన్నర ఉలి యజమాని