సమీక్షలకు క్వాంటం సమర్థన

నెలకు నాలుగు సమీక్షా సమావేశాలు పెడితే పని ఒక్క అడుగూ ముందుకు పడదని పై అధికారులను ఆడిపోసుకునే ఉద్యోగులకు భౌతికశాస్త్రం తెలియదని సవినయంగా మనవి చేస్తున్నాను. పరమాణువుల వంటి అతి సూక్ష్మమైన, అస్థిరమైన క్వాంటం వ్యవస్థను ఎడతెరిపి లేకుండా కొలుస్తూ పోతే అది ఉన్నచోటనే ఉండిపోతుందని భౌతికశాస్త్రజ్ఞులు బైద్యనాథ్ మిశ్రా, జార్జ్ సుదర్శన్ 1977లోనే గణితంతో నిరూపించి, దానికి, ఎగిరే బాణం ప్రతి క్షణమూ నిలిచే ఉంటుందని వాదించిన గ్రీకు తాత్త్వికుడు జీనో పేరు పెట్టారు.

1990లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో వేన్ ఇటానో బృందం దీన్ని ప్రయోగంలో చూపించింది. బంధించి ఉంచిన దాదాపు 5,000 బెరీలియం అయాన్లపై (విద్యుదావేశం ఉన్న పరమాణువులపై) 256 మిల్లీసెకన్లపాటు రేడియో తరంగాన్ని ప్రసరింపజేస్తే అన్నీ కింది శక్తిస్థాయి నుంచి పై స్థాయికి చేరాలి. ఆ వ్యవధిలోనే లేజర్ మెరుపులతో "ఎంతవరకు వచ్చింది?" అని 4 సార్లు అడిగితే సిద్ధాంతం ప్రకారం చేరేవి నూటికి 38, 64 సార్లు అడిగితే 4 కూడా ఉండవు. ఇంత కచ్చితమైన ప్రతిఫలం ఏ శాఖలోనైనా చూశామా?

అయితే ఇందులో అధికారుల మనసు నొచ్చుకునే అంశం ఒకటుంది. కింది స్థాయిలో ఉన్న అయాన్ లేజర్ కాంతిని వెదజల్లుతుంది, పై స్థాయిలో ఉన్నది వెదజల్లదు. ఆ తేడాను ఫోటాన్లు అనే కాంతికణాలు మోసుకుపోగానే రెండు స్థాయుల మధ్య ఉన్న దశాసంబంధం, అంటే వాటి తరంగాల లయ, చెదిరిపోయి, అప్పుడప్పుడే మొదలైన మార్పు మళ్లీ మొదటికి వస్తుంది. మధ్యలో వెలువడిన ఆ ఫోటాన్లను ఎవరూ లెక్కపెట్టలేదు, అయినా అయాన్లు ఆగాయి. అంటే కొలతకు కావలసింది జాడను మోసుకుపోయే భౌతిక చర్యే తప్ప, అధ్యక్షస్థానంలోని వారి చూపు కాదు. చూపుతోనే విశ్వాన్ని మలుచుకోవచ్చని టికెట్టు పెట్టి ప్రవచించే గురువులకు కూడా ఇది చేదు కబురే. చైతన్యానికి ఇక్కడ పాత్ర ఉందని 1961లో వాదించిన భౌతికశాస్త్రజ్ఞుడు విగ్నర్ అంతటివాడు తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. గురువులు మాత్రం రుసుము వెనక్కి ఇవ్వరు.

ఇంత జరిగినా, సాధ్యమైన ఫలితాల్లో ప్రతిసారీ ఒక్కటే ఎందుకు కంటబడుతుందన్న అసలు ప్రశ్న అలాగే ఉంది. దశాసంబంధం చెదిరిపోవడం దానికి పూర్తి సమాధానం కాదు. ఇలాంటి ఫైళ్లను నిర్ణయం లేకుండా భద్రపరచడంలో మన కార్యాలయాలకు ఉన్న అనుభవాన్ని భౌతికశాస్త్రజ్ఞులు వాడుకోవాలి.

మరొక్క విన్నపం. టెక్సస్ విశ్వవిద్యాలయంలో 2001లో చల్లని సోడియం పరమాణువులపై చేసిన ప్రయోగంలో, కొలతల మధ్య ఎడం మార్చగానే అవి ఆగకపోగా మరింత వేగంగా చేజారిపోయాయి. కనుక ఏ ఎడంలో సమీక్షిస్తే సిబ్బంది ఆగుతారో, ఏ ఎడంలో సమీక్షిస్తే రాజీనామా చేసి పారిపోతారో తేల్చేందుకు వెంటనే ఒక ఉపసంఘాన్ని వేయాలి. ఆ ఉపసంఘం పురోగతిని మాత్రం ఎవరూ సమీక్షించకూడదు.