నీట్‌లో సీటు రాకపోతే బీఎస్సీనా? అన్నాచెల్లెళ్ల వాదన

అన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. చెల్లెలు డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్. అన్న కూతురు శ్రావణి బైపీసీ అయ్యాక ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా చదివింది. ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీఎస్సీలో చేరతానంటోంది. నీట్ ఫలితాలొచ్చిన ప్రతిసారీ మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో నలిగే తగువే ఇది. పిల్లల మూడేళ్లు దీనిమీదే తేలతాయి కాబట్టి ఇద్దరి మాటా వినాలి.

అన్న: ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెడదాం. కొద్ది మార్కుల్లో పోయింది. ఇప్పుడు బీఎస్సీ అంటే అందినదాన్ని వదిలేసుకున్నట్టే.

చెల్లెలు: ఆ కొద్ది మార్కుల మధ్యే వేలమంది ఉంటారు అన్నయ్యా. ఏడాదంతా పిల్ల కొత్తగా నేర్చుకున్నది లేదు, అవే బిట్లు తిరగేసింది. మళ్లీ అక్కడికే పంపుతావా?

అన్న: డాక్టరైతే బతుకుకి భరోసా. మన వీధిలో ఇద్దరు బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివారు. ఒకడు హైదరాబాదులో మెడికల్ కోడింగ్, ఇంకొకడు మందుల కంపెనీలో రెప్. దానికోసమా మూడేళ్లు వానపాముల్ని చదవడం?

చెల్లెలు: అవి చిన్న పనులేం కాదు, రెండిళ్లు వాటిమీదే నడుస్తున్నాయి. సరే, నీ పనిలోకే వద్దాం. పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో రొయ్య పిల్లల్ని దించుతావా? వాటిలో వైట్ స్పాట్ వైరస్ ఉందో లేదో చెప్పేదెవరు?

అన్న: ల్యాబ్ కుర్రాడు. వాడి జీతం కూడా నాకు తెలుసు. నా చెరువు కాపలావాడికి నేనిచ్చేదానికీ దానికీ పెద్ద తేడా లేదు.

చెల్లెలు: కాదనను. కిట్ మీద రాసినట్టు కలుపుతాడు, మెషిన్‌లో పెడతాడు, వచ్చింది రాసిస్తాడు. ఫలితం తేడాగా వస్తే ఎందుకొచ్చిందో చెప్పలేడు. తప్పు వాడిది కాదు. రికార్డులో బొమ్మలు దించడమే ప్రాక్టికల్ అనుకున్న కాలేజీలో చదివాడు. అలాంటి చోట చేర్పించేటట్టయితే నేనూ వద్దనే అంటాను.

అన్న: మంచి చోట చదివితే మాత్రం?

చెల్లెలు: నువ్వు తినే సాంబ మసూరి బాపట్లలో పుట్టిన వరి. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. ఆ తెగులును తట్టుకునే సాంబ మసూరిని హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేస్తే 2008లో విడుదలైంది. వాటిలో పనిచేసేది బయాలజీ చదివినవాళ్లే. ఎమ్మెస్సీ చేసి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000 ఇస్తూ పీహెచ్‌డీ చేయిస్తారు.

అన్న: ఎంతమందికొస్తుంది?

చెల్లెలు: రాసినవాళ్లలో కొద్దిమందికే. అందుకే మిగతా దారులూ చూసుకోవాలి. హైదరాబాదు దగ్గర జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు, మందుల కంపెనీల్లో మైక్రోబయాలజీ ల్యాబులు, క్లినికల్ రీసెర్చ్. టీచరవ్వాలంటే బీఈడీ చేసి డీఎస్సీ.

అన్న: మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు తీస్తావనుకున్నా.

చెల్లెలు: తీస్తా. బోదకాలుకి ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర ఆయన బృందం కనిపెట్టినదే.

అన్న: ఆయనా ముందు డాక్టరీ చదివినవాడేగా!

చెల్లెలు: చదివాడు. పేరు తెచ్చింది మాత్రం అమెరికాలో చేసిన బయోకెమిస్ట్రీ. శ్రావణికి దేనిమీద మనసుందో ఎప్పుడైనా అడిగావా? చెరువులో రొయ్యలు చచ్చినప్పుడు నువ్వు నష్టం లెక్కేస్తుంటే, అది వాటి పెంకు మీద మచ్చలు చూస్తూ కూర్చుంటుంది.

అన్న: పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పెళ్లి మాటేంటి?

చెల్లెలు: ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, పీజీ సీటుకి మళ్లీ కోచింగ్, ఆపైన మూడేళ్లు. అదీ ముప్పై దగ్గరే తేలుతుంది. డాక్టరుకైతే ఆగే సంబంధం దీనికెందుకాగదు?

అన్న: ఉద్యోగానికి నువ్వు హామీ ఉంటావా?

చెల్లెలు: ఉండను. స్టాటిస్టిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్, ఇంగ్లీషు పేపర్లు సొంతంగా చదవడం మాత్రం దగ్గరుండి నేర్పిస్తాను. ఇవి లేని బీఎస్సీకి ఇప్పుడు విలువ లేదు. రెండో ఏడాది ఆఖర్లో ముగ్గురం కూర్చుందాం. పరిశోధన మీద మనసు లేకపోతే అప్పుడే బీఈడీకో కంపెనీ ఉద్యోగానికో తిప్పుదాం. ఐసర్ తిరుపతిలాంటి సైన్స్ పరిశోధన విద్యాసంస్థలో అయిదేళ్ల కోర్సు కావాలంటే దాని పరీక్ష వేరు. లాంగ్ టర్మ్‌లో ఒక్కరూ ఆ సంగతి చెప్పలేదు, నాకు కోపమంతా అక్కడే.

అన్న: లాంగ్ టర్మ్ మాట ఇంకా వదల్లేదు నేను. కాలేజీ మాత్రం నేనే చూస్తా. మైక్రోస్కోపులు పిల్లల చేతికిస్తారో బీరువాలో పెట్టి తాళమేస్తారో కళ్లారా చూశాకే ఫీజు.

చెల్లెలు: సోమవారం నాకు సెలవు. శ్రావణిని కూడా తీసుకురా.