చైనావాళ్ళు మందుగుండుని టపాకాయలకే వాడారా? అస్సలు కాదు

దీపావళి దగ్గర పడితే చాలు, ఈ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. "మందుగుండు కనిపెట్టింది చైనావాళ్ళే కానీ వందల ఏళ్ళు టపాకాయలు కాల్చుకుంటూ కూర్చున్నారు, ఆయుధంగా వాడాలనే ఆలోచన యూరప్ వాళ్ళకే వచ్చింది, చైనా రాజులు కన్ఫ్యూషియస్ అనే పాతకాలపు తత్వవేత్త మాట విని యుద్ధాల జోలికి పోలేదు" అని. నిన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లో మావయ్య గారు కూడా పెట్టారు. ఇందులో కనిపెట్టింది చైనావాళ్ళే అన్న ముక్క ఒక్కటే నిజం.

ముందు టపాకాయల సంగతి. 9వ శతాబ్దంలో, టాంగ్ రాజుల కాలంలో, చావు రాకుండా చేసే మందు కోసం తావో మతపు సాధువులు ఏవేవో కలిపి కాచేవాళ్ళు, అలా గంధకం, సురేకారం, తేనె కలిపి వేడిచేస్తే మంట లేచి చేతులూ మొహాలూ కాలి ఇల్లు కూడా తగలబడిందని వాళ్ళ పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. అందుకే చైనీస్‌లో దాని పేరు హువో యావో, అంటే నిప్పు మందు, మనం కూడా మందు అనే అంటాం చూడండి. ఇక 1044లో సాంగ్ చక్రవర్తి రెన్‌జోంగ్ హయాంలో వచ్చిన ఊజింగ్ జోంగ్‌యావో చూస్తే అది పక్కా సైనిక గ్రంథం, అందులో మందు పాళ్ళు మూడు రకాలు రాశారు, మూడూ శత్రువు మీదకి విసిరేవాటికే: ఒకటి నిప్పంటించే గుండు, ఒకటి కొక్కేలతో పట్టుకుని మండే గుండు, ఇంకోటి విషపు పొగ గుండు. 1132లో దెఆన్ కోట ముట్టడిలో కోటని కాపాడుతున్న సాంగ్ అధికారి చెన్ గుయ్ మనుషులు పొడుగాటి వెదురు గొట్టాల్లో మందు కూరి వాడారు. చిచ్చుబుడ్డిని బల్లెం చివర కట్టి ఎదుటివాడి మొహం మీదకి తిప్పితే ఎలా ఉంటుందో అలాంటిది అన్నమాట. 1232లో కైఫెంగ్ నగరాన్ని మంగోలులు చుట్టుముట్టినప్పుడు లోపలున్న, అప్పట్లో ఉత్తర చైనాని ఏలుతున్న జిన్ రాజ్యపు సైన్యం ఇనప బాంబులు వేసింది, వాటి పేరే ఆకాశాన్ని వణికించే పిడుగు.

ఇదంతా ఎవరో సరదాకి చేసింది కూడా కాదు, సర్కారు పని. శత్రు రాజ్యాలకి గంధకం, సురేకారం అమ్మకూడదని 11వ శతాబ్దంలోనే నిషేధం పెట్టారు. 1257లో లి జెంగ్‌బో అనే అధికారి దక్షిణాన ఒక ఆయుధాగారం తనిఖీ చేసి ఇక్కడ ఇనప బాంబులు 85 మాత్రమే ఉన్నాయి, అదే జింగ్‌జౌలో నెలకి వెయ్యి రెండు వేలు తయారయ్యేవి అని గోడు పెట్టుకున్నాడు. టపాకాయలు కాల్చుకునే రాజ్యంలో ఈ లెక్కలెందుకుంటాయి?

ఆయుధంగా వాడే ఆలోచన యూరప్‌దే అన్నారు కదా, తుపాకీ సంగతే చూడండి, 1259లోనే చైనాలోని షౌచున్‌లో వెదురు గొట్టంలోంచి గుండు బయటికి తన్నే ఆయుధం చేశారు, 1298 అని తేదీ చెక్కిన కంచు తుపాకీ దొరికింది, యూరప్‌లో ఫిరంగి మొదటి బొమ్మ 1326ది. అంతే.

కన్ఫ్యూషియస్ మాటే నాకు బాగా కోపం తెప్పించేది. సాంగ్ రాజ్యం తన 300 ఏళ్ళ పైచిలుకు కాలంలో లియావో, షీ షియా, జిన్ అనే పొరుగు రాజ్యాలు, మంగోలులు, నలుగురితోనూ పోరాడింది. పైగా ఇందాక చెప్పిన ఊజింగ్ జోంగ్‌యావో తయారుచేయించిన జెంగ్ గాంగ్‌లియాంగ్ కన్ఫ్యూషియస్ పుస్తకాలు చదివి సర్కారు ఉద్యోగ పరీక్ష పాసై పైకొచ్చినవాడే. 1161లో యాంగ్జీ ఒడ్డున చైషి దగ్గర జిన్ సైన్యాన్ని ఆపిన యూ యున్‌వెన్ కూడా అంతే, ఆయన అసలు సైనికుడు కాదు, సైన్యానికి బహుమానాలిచ్చి రమ్మని పంపిన సివిల్ ఆఫీసర్, వెళ్ళేసరికి సేనాపతి లేకపోతే తనే నాయకత్వం తీసుకున్నాడు. ఆ రోజు నది మీద పిడుగు బాంబులు పేల్చి సున్నం పొగతో శత్రువుల కళ్ళు మూసుకుపోయేలా చేశారు.

యూరప్ తర్వాత ముందుకెళ్ళింది, అది నేనూ ఒప్పుకుంటా. 16వ శతాబ్దంలో చైనాని ఏలిన మింగ్ సర్కారు పోర్చుగీసు ఫిరంగులు చూసి అలాంటివి పోతపోయించింది, వాటిని ఫోలాంజి అన్నారు, మన ఫిరంగి అనే మాట పుట్టిన ఫ్రాంక్ అనే మాటలోంచే అదీ పుట్టింది. అప్పటికి చైనావాళ్ళు యుద్ధంలో మందు వాడటం మొదలుపెట్టి 500 ఏళ్ళు దాటింది మావయ్యా.