నా సంతకం ఎక్కడుంది? సామాజిక ఒడంబడిక గారికి ఒక లేఖ

మహారాజశ్రీ సామాజిక ఒడంబడిక గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. జనం తమలో తాము ఒప్పందం చేసుకుని, తమ మీద అధికారాన్ని తామే ఒప్పుకున్నారనీ, రాజ్యాలన్నీ అలాగే పుట్టాయనీ చెప్పే సిద్ధాంతం గదా తమరు. క్షేమమే అనుకుంటాను. పుట్టినట్టు రుజువే లేనివాళ్లకి రోగాలేం వస్తాయి!

ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని మా అపార్ట్‌మెంట్ మీటింగుకి వెళ్లాను. పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు, ఒకే ఒక ఫ్యాను, దాని ముఖం సెక్రటరీ గారి వైపు. మెయింటెనెన్సు పెంచడానికి మేం ఎప్పుడు ఒప్పుకున్నామని అడిగాను. ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు: "లిఫ్టులో నోటీసు అంటించడమైనది. వారం రోజులలో అభ్యంతరములు రానందున సభ్యులందరి సమ్మతితో ఆమోదించడమైనది." ఆ వారమంతా లిఫ్టు పాడై ఉంది. ఆ మాటే అన్నాను. "ఇక్కడ ఉంటున్నారంటే ఒప్పుకున్నట్టే కదండీ. నచ్చకపోతే అమ్ముకుని వెళ్లొచ్చు, ఎవరు ఆపారు?" అన్నారు, సమోసా ప్లేటు నా వైపు జరుపుతూ.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ రెండు మాటలూ ఆయన సొంతం కావు, తమరి ఇంటి పెద్ద, ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ గారివి. అందుకే ఉత్తరం నేరుగా తమరికే రాస్తున్నాను.

మేం ఫ్లాటు కొనాలంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసుకోకుండా రూపాయి అడ్వాన్సు ఇవ్వం. రాజ్యాలన్నిటికీ మూలపత్రం తానేనని చెప్పుకునే తమరి కాగితాలేవి? ఏ చెట్టు కింద రాసుకున్నారు? సాక్షులెవరు? ఈ ప్రశ్న వస్తుందని లాక్ గారికి ముందే తెలుసు. 1689 చివర్లో అచ్చైన ఆయన గ్రంథంలో, రాజకీయ సమాజాలు ఎలా మొదలయ్యాయో చెప్పే అధ్యాయంలోనే జవాబు ఉంది: ప్రభుత్వాలు ముందు పుట్టాయి, రాతకోతలు తర్వాత వచ్చాయి, అందుకే రికార్డులు లేవు. ఎంత సుఖమైన జవాబు! ఆ పుస్తకం మీద ఆయన తన పేరు కూడా వేసుకోలేదు. 1704లో పోయేముందు వీలునామాలో మాత్రం తనదేనని ఒప్పుకున్నారు. రోజులు అలాంటివి, ప్రాణభయం ఉండే ఉంటుంది, కాదనను. కానీ అందరి సమ్మతి గురించి రాసిన మనిషి తన సంతకం దాచుకోవడం చూస్తే నవ్వొస్తుందా రాదా?

తమరి ఇంకో పెద్ద, ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ గారి సంగతి వేరు. 1651లోనే కుండబద్దలు కొట్టారు: ప్రాణభయంతో చేసిన ఒప్పందమైనా చెల్లుతుంది, దొంగకి ఇస్తానన్న సొమ్ము కూడా చట్టం అడ్డుపడేదాకా ఇచ్చి తీరాల్సిందే. ఆ పెద్దమనిషి ఘోరాన్నైనా ముఖం మీదే చెప్పారు.

ఫ్రెంచిలో రాసిన తత్వవేత్త రూసో గారు 1762లో జనేచ్ఛకి తలవంచని వాణ్ని స్వేచ్ఛగా ఉండేలా బలవంతపెట్టాలన్నారు. అదే పుస్తకంలో, యూరప్‌లో మంచి శాసనాలకి తగిన దేశం ఇంకా ఒకటుంది, అది కోర్సికా అని మెచ్చుకున్నారు. పాపం నమ్మారు వాళ్లు. మాకో రాజ్యాంగం రాసిపెట్టండి అని 1764లో ఆయనకి కబురు కూడా వెళ్లింది. ఆయన మొదలుపెట్టి సగంలో వదిలేశారు. 1768లో, ఆ దీవి తనదని చెప్పుకునే ఇటలీ నగరరాజ్యం జెనోవా దాన్ని ఫ్రాన్సు చేతిలో పెట్టింది, మరుసటి ఏడాదికల్లా ఫ్రెంచి సైన్యం పని ముగించింది. ఆ కాగితం మీద కోర్సికా వాళ్ల సంతకం ఎవరూ అడగలేదు.

ఇవన్నీ పోనిద్దాం. నాకు మింగుడుపడనిది మౌన సమ్మతి.

మా పెద్దలు మౌనం అర్ధాంగీకారం అన్నారు. లాక్ గారు మిగతా సగం కూడా తీసేసుకున్నారు. రాజ్యంలో భూమి ఉంటే ఒప్పుకున్నట్టే. వారం రోజులు బసచేసినా ఒప్పుకున్నట్టే. రహదారి మీద స్వేచ్ఛగా నడిచినా ఒప్పుకున్నట్టే. ఆ హద్దుల్లో ఉండడమే చాలట! మరి కాదని చెప్పాలంటే మనిషి ఏం చెయ్యాలి? ఊపిరి పీల్చినా తమరి ఖాతాలోనే పడుతుంటే, ఒప్పుకున్నవాడికీ ఒప్పుకోనివాడికీ తేడా ఎలా తెలుస్తుంది?

1748లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ తమరి పరువు తీశారు, గుర్తుందా? పరాయి భాష రాదు, పరాయి అలవాట్లు తెలియవు, ఏ రోజు కూలి ఆ రోజు తిండికే సరి, అలాంటి రైతుకి దేశం వదిలిపోయే స్వేచ్ఛ ఉందని ఎలా అంటారని అడిగారు. నిద్రలో ఉన్నవాణ్ని ఎత్తుకొచ్చి ఓడలో పడేసి, 'ఇంకా ఇక్కడే ఉన్నావంటే కెప్టెన్ పెత్తనానికి ఒప్పుకున్నట్టే' అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే అన్నారు. దిగితే సముద్రమే. 1688లో ఇంగ్లండులో రాజుని మార్చింది జనమేనని తమరివాళ్లు మురిసిపోతుంటే, ఆయన లెక్క కూడా చెప్పారు: దాదాపు కోటిమంది తరఫున నిర్ణయించింది 700 మందిలో మెజారిటీ.

నచ్చనివాడు అమ్ముకుని వెళ్లొచ్చన్నారు గదా లాక్ గారు, ఎక్కడికో కూడా చెప్పారు: భూమ్మీద ఖాళీగా ఉన్న ఏ మూలకైనా. ఆయన దృష్టిలో ఖాళీ అంటే అమెరికా. అక్కడ తరతరాలుగా కాపురముంటున్న వాళ్లు ఏ లెక్కలోకి వస్తారండీ?

అమెరికాలోని ఇంగ్లీషు వలస కరోలినా యజమానులకి కార్యదర్శిగా ఉండి, 1669లో ఆ వలసకి మూలశాసనాల తయారీలో లాక్ పాలుపంచుకున్నారు. నల్లజాతి బానిసల మీద ప్రతి స్వతంత్రుడికీ సంపూర్ణాధికారం అని అందులో ఉంది. బానిస వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయన సొమ్ము కూడా ఉంది. హ్యూమ్ ఓడ ఒక ఊహ. ఈ ఓడలు నిజం. అందులో వాళ్లు నిద్రపోతూ రాలేదు, కళ్లు తెరిచే ఉన్నారు, సంకెళ్లలో ఉన్నారు. తమరు వాళ్ల దగ్గర ఏ సమ్మతి తీసుకున్నారు? తమరేమిటి, ఇంకా తమరేమిటి నీకు! ఒప్పుకోనివాళ్లని మనుషుల లెక్కలోంచే తీసేసి, మిగిలినవాళ్లంతా ఏకగ్రీవం అని రాసుకున్నావు. సిగ్గులేదూ?

నిజంగా అడుగుదాం అన్నవాళ్లకి ఏం జరిగిందో కూడా చెప్పనా? ఫ్రెంచి విప్లవకాలపు రచయిత్రి ఒలింప్ ద గూజ్ 1791లో స్త్రీపురుషుల మధ్య ఒడంబడిక నమూనా తానే రాసిచ్చింది. 1793లో, ఏ రకం ప్రభుత్వం కావాలో జనం ఓటేసి తేల్చుకోవాలని గోడపత్రిక అచ్చేయించింది. అందుకు గిలటిన్ ఎక్కించారు. జనేచ్ఛ పేరు చెప్పుకునే రాజ్యంలో, జనాన్ని అడుగుదాం అన్నందుకు!

నీ వల్ల మేలు జరగలేదని అనను. నీకు ముందు ఫిల్మర్ లాంటివాళ్లు రాజుల అధికారం ఆదాము నుంచి వారసత్వంగా వచ్చిందని చెప్పేవారు. నువ్వొచ్చాక రాజుని 'ఎవరు ఒప్పుకున్నారయ్యా?' అని అడగడం జనానికి అలవాటైంది. ఆ ప్రశ్న నేర్పింది నువ్వే. అది నిన్ను అడిగితే మాత్రం ముఖం చాటేస్తావు.

1789 సెప్టెంబరులో పారిస్ నుంచి అమెరికా నాయకుడు జెఫర్సన్ తన మిత్రుడు మాడిసన్‌కి ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవాళ్లది, మరణాల పట్టికలు లెక్కేస్తే ఒక తరం ఏలుబడి 19 ఏళ్లు, ఏ రాజ్యాంగమైనా అంతటితో గడువు తీరినట్టే, ఆపైన అమలు చేస్తే అది బలప్రయోగం, హక్కు కాదు అని. 1790 ఫిబ్రవరిలో మాడిసన్ మర్యాదగా జవాబిచ్చాడు: అలా ప్రతిసారీ గడువు తీరితే అంతా అల్లకల్లోలం, కాబట్టి గట్టిగా కాదనేవాళ్లు లేనప్పుడు మౌనంగా సమ్మతించారనే అనుకోవాలి.

దొరికావా? బయటికి నెట్టిన ప్రతిసారీ అదే సందులోంచి లోపలికొస్తావు. ఆ 19 ఏళ్ల లెక్కన నీ గడువు ఎప్పుడో తీరి, మళ్లీ మళ్లీ తీరింది. ఈసారి రెన్యువల్‌కి వచ్చేటప్పుడు కాగితం పట్టుకురా. అందులో 'ఒప్పుకోను' అని టిక్కు పెట్టడానికి ఒక గడి ఉండాలి. పెట్టినవాణ్ని ఏం చేస్తావో కూడా కిందే రాయించు, చదివాకే పెన్ను తీస్తాను.

ఇట్లు,
సంతకం పెట్టని రెండో పార్టీ